మూడో జలపాతం దగ్గర పడవ

ఆమె కట్టుడు పళ్ళు తయారుచేసేది. పళ్ళ డాక్టర్లు పంపిన దవడ అచ్చు ముందు పెట్టుకుని, కరిగిన మైనాన్ని బొట్టుబొట్టుగా పేర్చి, అది గట్టిపడ్డాక పన్ను చెక్కేది. ల్యాబ్‌లో అందరూ ఆమెను పళ్ళక్క అనేవారు. మెట్ల మీద జారి కుడి మణికట్టు విరిగేదాకా తనకొక చెయ్యి ఉందన్న సంగతే ఆమె పట్టించుకున్నది కాదు. బాగున్నంతకాలం చెయ్యి కనపడదు.

కట్టు విప్పిన డాక్టరు, వేళ్ళకు పని చెప్పమన్నాడు. ఆమె తమ్ముడు తన పాత కంప్యూటరు తెచ్చి టీవీకి తగిలించి, అందులో ఒక పడవ ఆట ఎక్కించి, కంట్రోలర్ ఆమె చేతిలో పెట్టాడు. "బొటనవేలితో తెడ్డు తిప్పడమే అక్కా. నీ వేలికి ఇంతకన్నా మంచి మందు లేదు" అని చెప్పి తన దారిన తను పోయాడు.

ఆట ఆమెకు నచ్చింది. కొండల మధ్య ఏరు, ఏటిలో పడవ, పడవలో తను ఒక్కతే. మొదటి జలపాతం దాటింది, రెండోది దాటింది. మూడోదానికి ముందు నీళ్ళు నిదానంగా ఉంటాయి. రెండు రాళ్ళ నడుమ సందులోంచి పడవ పోవాలి. అక్కడికి రాగానే ప్రతిసారీ పడవ కుడికి ఒరిగి రాయికి కొట్టుకునేది. ఒరగడమంటే ఎంతో కాదు, మైనం మీద గోటి గీతంత. ఆ గీతంటే ఏమిటో ఆమెకు తెలుసు. పన్నులో అంత తేడా వస్తే మనిషి ముద్ద నమలలేడు.

తప్పు ఆటదేమోనని ఆమెకు ఒక్కసారి కూడా తోచలేదు. ఆడలేక మద్దెల ఓడనే మనుషులంటే చిన్నప్పటి నుంచీ ఆమెకు ఒళ్ళుమంట. ఎక్కడ ఏ తప్పు కనిపించినా ముందు తనలో వెతుక్కునేది. నలుగురూ దాన్ని నిజాయితీ అన్నారు, ఆమె కూడా అలాగే నమ్మింది. అందుకేనేమో, మూడో జలపాతం మెల్లగా ఇల్లంతా పాకింది. టీ కప్పు ఎత్తితే కుడికి ఒరుగుతున్నట్టుండేది. తాళంచెవి రంధ్రానికి కుడిపక్కన తగిలేది. సంతకం చివర అక్షరం జారేది. ఇవన్నీ నిజంగా ఒరిగాయో లేదో గాని, ఆమె చూస్తున్నంతసేపూ మాత్రం ఒరిగాయి.

ఆదివారానికి ఆమె ఒక నిర్ణయానికి వచ్చేసింది. మర్నాడు ల్యాబ్‌కు వెళ్ళి, తన కుర్చీ ఇంకెవరికైనా ఇమ్మని యజమానితో చెప్పాలి. భర్త "నీ చెయ్యి, నీ ఇష్టం" అని, భోంచేసి లోపలి గదిలో నడుం వాల్చాడు.

మరిది వచ్చేసరికి ఆమె, ఇదే ఆఖరు అనుకుంటూ ఆడుతోంది. అతను ఆటలు తయారుచేసే కంపెనీలో పనిచేస్తాడు. డబ్బు కట్టనివాళ్ళ చేతిలో ఆట తెరుచుకోకుండా చూడడం అతని పని. అందుకే ఆమె అతన్ని తాళాల మరిది అని ఏడిపిస్తుంది.

"అబ్బో, వదిన కూడా మొదలెట్టిందే! ఇది మా కంపెనీ ఆటే."

"అయితే నీకు పుణ్యముంటుంది నాయనా, ఆ మూడోదాని దగ్గర సందు కాస్త వెడల్పు చెయ్యి."

అతను నవ్వుతూ పక్కన కూచున్నాడు. పడవ ఒరిగింది, కొట్టుకుంది. అతని నవ్వు ఆగిపోయింది.

"ఇంకోసారి ఆడండి."

"ఎందుకూ, నవ్వుకోడానికా?"

"ఆడండి వదినా."

ఆమె ఆడింది. పడవ అక్కడే, అంతే ఒరిగింది.

"ఇదెక్కడ కొన్నారు?"

"నాకేం తెలుసు, తమ్ముడు పెట్టి వెళ్ళాడు." ఆమె తమ్ముడికి ఫోన్ చేసి, మరిదికి కూడా వినపడేలా స్పీకర్ పెట్టింది. "ఒరేయ్, ఈ పడవ ఆట ఎక్కడ కొన్నావురా?"

"కొనడమా? నన్ను చూస్తే కొనే మొహంలా ఉందా అక్కా? ఫ్రెండ్ దగ్గర కాపీ చేసుకొచ్చా. ఎందుకు, ఎవరడిగారు?"

"మా మరిది. పక్కనే కూచుని వింటున్నాడు."

అవతల ఫోన్ కట్టయింది.

"పాపం, చార్జింగ్ అయిపోయినట్టుంది" అన్నాడు మరిది. కానీ అతని ముఖంలో వేళాకోళం లేదు. చెప్పకూడనిది చెప్పబోయే మనిషిలా గొంతు సవరించుకున్నాడు. "తప్పు మీ చేతిది కాదు వదినా. ఆటది."

"నన్ను ఊరడించకు."

"ఊరడింపు కాదు. పడవని ఆ సందు దాకా తీసుకెళ్ళి కంట్రోలర్ కింద పెట్టెయ్యండి."

ఆమె పెట్టేసింది. చేతులు ఒళ్ళో ఉన్నాయి. నిదానమైన నీళ్ళలో, ఎవరూ ముట్టని తెడ్డు కొద్దిగా కదిలింది. పడవ కుడికి ఒరిగింది.

ఇన్నాళ్ళూ ఒరిగేకొద్దీ మరింత గట్టిగా పట్టుకుంది తప్ప, చెయ్యి తీసి చూడాలని ఆమెకు తోచనేలేదు.

"ఆట మొదలవగానే మా కంప్యూటర్ని అడుగుతుంది, ఇది కొన్నదేనా అని" అన్నాడతను. "కాపీ చేసేవాళ్ళు ముందు ఆ ప్రశ్ననే పీకేస్తారు. అందుకని లోపలెక్కడో ఇంకోటి దాచాం. దానికి జవాబు సరిగ్గా రాకపోతే ఆట ఆగదు, ఏమీ చెప్పదు. మూడోదాని దగ్గర తెడ్డు కాస్త తిప్పుతుంది, అంతే."

"చెప్పి చావొచ్చుగా!"

"చెప్తే దాన్నీ పీకేస్తారు. చెప్పకపోతే కొన్నాళ్ళు అది తమ తప్పే అనుకుంటారు. ఆ తర్వాత కాపీలోనే ఏదో తేడా ఉందని కోపమొచ్చి కొనుక్కుంటారని మా లెక్క."

"నాకు కోపం రాలేదే."

"అదే" అన్నాడతను మెల్లగా. "కోపం రానివాళ్ళు మా లెక్కలో లేరు."

ఆమెకు సంతోషం కలగాల్సింది, కలగలేదు. కాలికింద ఉన్న ఒక్క మెట్టునూ ఎవరో లాగేసినట్టయింది. చెయ్యి చెడిపోయిందని తెలిసినప్పుడు, తెలుసుననే నిబ్బరమైనా ఉండేది. టీ కప్పునూ, తాళాన్నీ, సంతకాన్నీ కూచోబెట్టి తనకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పించుకున్నది తనే. వాటిని అంత తేలిగ్గా ఎలా నమ్మేసింది?

"అయితే నా చెయ్యి బాగున్నట్టేనా?"

"అది నాకు తెలీదు వదినా."

ఆ జవాబు ఆమెకు నచ్చింది. "సరే, కొందాం పద" అంది.

కొనడం ఒక పెద్ద తతంగమైంది. ఖాతా తెరవాలి, పాస్‌వర్డ్ పెట్టాలి, ఫోనుకొచ్చిన అంకెలు కొట్టాలి, మళ్ళీ కొట్టాలి.

"దొంగసరుకు చెప్పులేసుకుని నేరుగా నట్టింట్లోకి వచ్చింది. కొన్నదాన్ని మాత్రం గుమ్మంలో నిలబెట్టి ప్రశ్నలేస్తున్నారు" అంది ఆమె. "ఇంతా చేస్తే ఇది నాదేనా?"

"మీది కాదు. ఆడుకునే అనుమతి మీది. మా కంపెనీ తన కంప్యూటర్ని ఆపేసిన రోజు, కొన్నవాళ్ళకీ ఇది తెరుచుకోదు."

"అద్దె కొంపన్నమాట. మీ తాళం మీరే వేసి, మీ చెవి మీరే దాచుకుని, బాడుగ మా దగ్గర."

"పాపిష్టి ఉద్యోగం వదినా" అని అతను నవ్వాడు.

ఆట మొదటి నుంచి మొదలైంది. మూడో జలపాతం ముందు ఆమె ఊపిరి బిగబట్టింది. పడవ రెండు రాళ్ళ నడుమ నుంచి ఏమీ జరగనట్టు జారిపోయింది. అవతల ఏరు ఇరుకైంది. ఒక ఎడమ మలుపులో పడవ బండకు గుద్దుకుంది.

"అది మేం చేసింది కాదు" అన్నాడు మరిది కంగారుగా.

"తెలుసు, నేనే. వేలు ఆలస్యంగా కదిలింది."

మళ్ళీ ఆడింది. ఒకసారి మలుపు దాటింది, ఒకసారి దాటలేదు. చెయ్యి దించి కాసేపు ఊరుకుంటే తేలిగ్గా దాటుతోంది. ఆపకుండా ఆడితే బొటనవేలి మొదట్లో సలుపు పుట్టి, తెడ్డు వెనకబడుతోంది. ఈ తప్పు ఒక్క తీరున ఉండడం లేదు, అలసటను బట్టి మారుతోంది. విశ్రాంతి ఇస్తే తగ్గుతోంది, మొండికేస్తే పెరుగుతోంది. ఇన్నాళ్ళకు తనదైన తప్పు ఒకటి దొరికినట్టనిపించింది ఆమెకు. దాంతో మాట్లాడుకోవచ్చు.

భర్త లేచి వచ్చి, "ఇంకా అదేనా?" అన్నాడు.

"ఇంకా అదే" అని, ఆమె ఫోన్ తీసి యజమానికి చేసింది.

"రేపు వస్తానండీ. మధ్యాహ్నం దాకానే చేస్తాను. మధ్యమధ్యలో చెయ్యి ఆపుకుంటాను. ముందు వరస పళ్ళ పని మాత్రం ఇప్పుడే ఇవ్వకండి."

"చెయ్యి బాగయిందా అమ్మా?"

"లేదండీ. ఎంత బాగవలేదో తెలిసింది."

ఆయన అన్నాడు, "అయితే పెందలాడే రా. కిటికీ పక్కనున్న నీ కుర్చీలో కొత్తగా చేరిన అమ్మాయి కూచుంటోంది. నువ్వొస్తే గానీ లేవదు."