నాలుగో వంతు కారు

జగదీష్ కారు వెనక ట్రంకులోకి నడుము దాకా వంగి, బ్యాటరీని కదలకుండా పట్టి ఉంచే ఇనప పట్టీ మరను విప్పుతున్నాడు. శనివారం పొద్దున్నే గ్యారేజీ తలుపు సగం ఎత్తి, పాత తువ్వాలు నడుముకి చుట్టుకుని ఆ ఎర్ర కారు చుట్టూ తిరగడం అతనికి అలవాటే. టైర్లలో గాలి చూస్తాడు. అద్దాలు తుడుస్తాడు. ఇంజన్ కాసేపు తిప్పి ఆపుతాడు. ఈ వారం మాత్రం తాళంచెవి తిప్పితే కారు చిన్నగా టిక్కుమని ఊరుకుంది. రాత్రంతా చార్జర్ తగిలించి ఉంచినా పొద్దున మళ్ళీ అదే టిక్కు.

"ఏమండీ, ఉప్మా చల్లారిపోతోంది," అంటూ నళిని లోపలి తలుపు దగ్గరికి వచ్చింది. "ఆ డబ్బా పట్టుకెళ్ళి కొత్తది తెచ్చేస్తే పోయేదానికి ఇంత తతంగం ఎందుకు?"

"ఎందుకు పోయిందో తెలియకుండా కొత్తది ఎలా కొంటాం? కొని రెండేళ్ళు కూడా కాలేదు."

"మీరు బ్యాటరీ కొంటున్నారా, పెళ్ళి సంబంధం చూస్తున్నారా?"

జగదీష్‌తో వచ్చిన చిక్కే అది. టెక్సస్‌లోని లాస్ కొలీనాస్‌లో ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో టెస్టర్ ఉద్యోగం అతనిది. ఇంకొకళ్ళు రాసిన ప్రోగ్రాముల్లో ఎక్కడ తప్పుందో, ఎందుకుందో వెతకడం. తనకంటే వెనకొచ్చిన కుర్రాళ్ళు మేనేజర్లయి అతని సెలవులు మంజూరు చేస్తున్నా అతనికేం బాధ లేదు, తప్పు దొరికితే చాలు. ఇంట్లో కొత్త రైస్ కుక్కరొస్తే దాని పుస్తకం అట్ట నుంచి అట్ట దాకా చదివాకే బియ్యం పోయనిస్తాడు. కొండను తవ్వి ఎలుకను పట్టినా నిరాశపడడు, ఆ ఎలుక అక్కడికెలా వచ్చిందని ఆలోచిస్తాడు. ఎమ్మెస్ చదివే రోజుల్లోనే రూమ్మేట్ ఫణి అతనికి 'ఎంక్వైరీ కౌంటర్' అని పేరు పెట్టాడు.

ఈ కారు కథ కూడా అక్కడే మొదలైంది. ఆర్లింగ్టన్‌లో రెండు గదుల అపార్ట్‌మెంట్లో నలుగురు ఉండేవాళ్ళు: జగదీష్, ఫణి, రఘువీర్, నీరజ్. వంటకి టర్న్‌లు. ఫ్రిజ్ మీద టర్న్‌ల కాగితం అంటించింది ఫణి. జ్వరమొచ్చినా, మర్నాడు పరీక్ష ఉన్నా టర్న్ మారడానికి వీల్లేదు. "ఇయ్యాల నీకు మారిస్తే రేపు వానికి మార్చాలె. అన్నం ఎవ్వడు వండాలె మరి?" అనేవాడు. ఎవరి టర్న్‌లో గిన్నె మాడితే వాళ్ళే తోముకోవాలి. అప్పుడే ఓ రోజు బస్సు కోసం నిలబడ్డ చోట, రోడ్డవతల అద్దాల షోరూములో, ఇలాంటి ఎర్ర రెండు సీట్ల కారు కనబడింది. నలుగురూ బస్సు వదిలేసుకుని మరీ చూశారు.

కొందామనుకునే సరికి యాభైలు దగ్గరపడ్డాయి. పిల్లల కాలేజీలుండగా స్పోర్ట్స్ కారేమిటని నలుగురి ఇళ్ళలోనూ భార్యలు కాలడ్డం పెట్టారు. ఉపాయం ఫణిదే. నలుగురూ కలిసి పాతదొకటి కొన్నారు. నాలుగో వంతు కారుకి ఏ భార్య మాత్రం అడ్డు చెబుతుంది? ఒక్కొక్కళ్ళ ఇంట్లో మూడేసి నెలలు. టర్న్ మారదు. ఎవరి టర్న్‌లో ఏది పాడైతే వాళ్ళే బాగుచేయించాలి. గిన్నె రూలే.

నిరుడు ఫణికి లివర్‌లో జబ్బు బయటపడింది. ఈ నెల మొదట్లో డాక్టర్లు ఇక మందులు ఆపేద్దామన్నారు. మొన్న గురువారం అతను జగదీష్‌కి ఫోన్ చేశాడు. "జగ్గూ, ఇప్పుడు నీ టర్నే కదా. నాకు స్వాప్ చేస్తవా రా?"

శనివారం సాయంత్రానికి కారు తెస్తానని జగదీష్ మాటిచ్చాడు. ఫోన్ పెట్టేసి బాత్రూములోకి వెళ్ళి, కుళాయి తిప్పి, ఏడ్చాడు. డాక్టర్లు చెప్పినప్పుడు కూడా ఇంత ఏడుపు రాలేదు. టర్న్ మార్చమని ఫణి అడిగాడంటే ఇక అంతా అయిపోయినట్టే కదా. అందుకే ఈ పూట ఏమైనా సరే కారు కదలాలి.

బ్యాటరీ పోయిందని నలుగురి వాట్సాప్ గ్రూపులో పెట్టగానే నీరజ్ ఉత్సాహంగా వాయిస్ మెసేజ్ పంపాడు. "లిథియం వేయించు బ్రో. కారు ముప్పై పౌండ్లు తేలికవుద్ది. ఫణిగాడు హైవే ఎక్కితే ఇంక రాకెట్టే." రఘువీర్ మాత్రం, "చవకది చాలు కదరా, ఎన్నాళ్ళని" అని పెట్టి వెంటనే తుడిచేశాడు. జగదీష్ అప్పటికే చదివేశాడు. ఫణి కూడా చదివే ఉంటాడు, ఆ గ్రూపులో అతనూ ఉన్నాడు.

పాత బ్యాటరీని నళిని కారులో వేసుకుని జగదీష్ ఆటో పార్ట్స్ షాపుకి వెళ్ళాడు. ఆగస్టు ఎండ, పార్కింగ్ లాటు తారు చెప్పుల కింద మెత్తగా తగులుతోంది. కౌంటర్లో పొడుగు జడావిడ బ్యాటరీకి వైర్లు తగిలించి, చేతిలో మిషను చూసి పెదవి విరిచింది. ఇది పనికిరాదంది. టెక్సస్ ఎండలకి బ్యాటరీలు పోవడం మామూలే గానీ, ఇది ఒట్టి ఎండ పని కాదంది. ఇంజన్ ఆపేసి రేడియో పెట్టుకునే అలవాటేమైనా ఉందా అని ఇంగ్లీషులో అడిగింది. చాలాసార్లు అడుగంటా ఖాళీ అయితేనే కొత్త బ్యాటరీ ఇలా పాడవుతుందట.

"లేదు. మేం నలుగురం చాలా జాగ్రత్తగా వాడతాం," అన్నాడు జగదీష్, కొంచెం రోషంగా.

ఆవిడ భుజాలెగరేసి మూడు రకాలు చూపించింది. మొదటిది మామూలుది, నీళ్ళ యాసిడ్‌ది. బ్యాటరీ ట్రంకులో ఉండే కారుకి అది పెట్టకూడదని ఆవిడే పక్కకి నెట్టేసింది. రెండోది లిథియం, ఒక్క చేత్తో ఎత్తొచ్చు, రేసుల వాళ్ళకి ప్రాణం. మూడోది యాసిడ్ బయటికి ఒలక్కుండా మూసేసిన బరువైన డబ్బా, దాని మీద పడవ బొమ్మ. చెరువు మధ్యలో ఇంజన్ ఆపుకుని, గాలం వేసి, పొద్దంతా రేడియో వినేవాళ్ళు కొనేదట. ఎన్నిసార్లు ఖాళీ అయినా మళ్ళీ చార్జ్ చేస్తే లేస్తుందట.

జగదీష్ చెయ్యి లిథియం మీదికే వెళ్ళింది. మళ్ళీ ఆగింది. అడుగంటా ఖాళీ చేసింది ఎవరు? ఆ సంగతి తేలకుండా అతని చెయ్యి పర్సు దాకా పోదు. గంటలో వస్తానని ఆవిడకి చెప్పి ఇంటికొచ్చేశాడు. నళిని అతని ఖాళీ చేతులు చూసి నుదురు కొట్టుకుంది.

గ్యారేజీలో ఎర్ర కారు తలుపు తీసి కూర్చున్నాడు. ముందద్దం మూలన ఆయిల్ మార్చినప్పుడు అంటించిన స్టిక్కర్ ఉంది. కారుని ఫణికి అప్పగించే ముందు రోజే నీరజ్ ఆయిల్ మార్పించాడు. మళ్ళీ ఎన్ని మైళ్ళకి మార్చాలో దాని మీద రాసి ఉంది. జగదీష్ ఆ అంకె చూశాడు, మీటరు చూశాడు, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు. నీరజ్ ఇంటి నుంచి ఫణి ఇంటికి, అక్కణ్ణించి తన ఇంటికి, తర్వాత తనవే రెండు చిన్న తిరుగుళ్ళు. అంతకు మించి కారు కదల్లేదు. గంటన్నర దూరంలోని లేక్ టెక్సోమా దాకా ఒక్క ఊపులో వెళ్ళొచ్చానని గ్రూపులో ఎన్ని కబుర్లు చెప్పాడు ఫణి! పికప్ అదుర్స్ అన్నాడు, పోలీసు ఆపబోయి వదిలేశాడన్నాడు.

అప్పుడు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. కారు తెచ్చుకోవడానికి ఫణి ఇంటికి వెళ్ళిన రోజు ఇంజన్ మూలుగుతూ అందుకుంది. డ్రైవర్ సీటు చివరి దాకా వెనక్కి జరిపి, పడక కుర్చీలా వాల్చి ఉంది. ఫణి తమ నలుగురిలోకీ పొట్టి. ఆ సీట్లో కూర్చుంటే అతని కాళ్ళు క్లచ్‌కి అందవు. కారు తలుపు పక్కన మోకాలెత్తు నీలం ప్లాస్టిక్ స్టూలు ఒకటి ఉంటే, బల్బు మార్చడానికి కాబోలనుకున్నాడు తను. తల పైకెత్తి చూసి ఉంటే, గ్యారేజీ కప్పు ఆ స్టూలుకి అందేంత దగ్గర్లో లేదని అప్పుడే తెలిసేది. ఇంత కాలం తప్పులు పట్టిన కళ్ళు స్నేహితుడి గ్యారేజీలో మూసుకుపోయాయి. జగదీష్‌కి తన మీద తనకే చిరాకేసింది.

షాపుకి తిరిగి వెళ్ళి, ఏమీ అడక్కుండా పడవ బొమ్మది ఎత్తుకున్నాడు. అది ఆ కారు ట్రంకులో పట్టే సైజేనా అని మాత్రం టేపు పెట్టి కొలుచుకున్నాడు. అలవాటు ఎక్కడికి పోతుంది!

*

ఎండ వాలాక ఎర్ర కారు ఫణి ఇంటి ముందు ఆగింది. వెనకాలే నళిని తన కారులో వచ్చింది. ఫణి భార్య స్పందన గ్యారేజీ తలుపెత్తి, కళ్ళతోనే పలకరించి, నళినిని లోపలికి తీసుకెళ్ళింది. జగదీష్ కారుని లోపల పెట్టి దిగాడు. నీలం స్టూలు గోడవారన ఉంది. ఆ ఎండల్లోనూ ఫణి స్వెట్టర్ వేసుకుని, గోడ పట్టుకుని వచ్చాడు. గడ్డం కింద చర్మం వేలాడుతోంది. కళ్ళు మాత్రం పాత ఫణివే.

వస్తూనే ట్రంకు తెరవమన్నాడు.

"గిదేంది రా, గింత బరువుది? నీరజ్‌గాడు లిథియం అన్నడు కదా?"

"ఈ ఎండల్లో ఇదే నయం అనిపించింది."

ఫణి వంగి చూశాడు. "పడవ బొమ్మ ఉంది. కార్ల పెట్టేదేనా ఇది?"

"కార్లలోనూ పెడతారు." జగదీష్ ట్రంకు అంచు మీద లేని దుమ్ము తుడిచాడు. "ఇంజన్ ఆపేసి ఎంతసేపు రేడియో పెట్టుకున్నా ఏం కాదంట. అయిపోతే మళ్ళీ చార్జ్ చేసుకోవచ్చు. చార్జర్ కూడా తెచ్చా, ఆ గోడకి తగిలిస్తా."

ఫణి చెవులు ఎర్రబడ్డాయి. తర్వాత మెల్లగా నవ్వాడు.

"ఎంక్వైరీ కౌంటర్..." అన్నాడు. "వాళ్ళకు చెప్పినవా?"

"ఏం చెప్పాలి? టెక్సోమా వెళ్ళొచ్చావని నువ్వే కదా పెట్టావ్."

ఫణి స్టూలు లాగబోతే జగదీష్ అందుకుని తలుపు పక్కన వేశాడు. ఫణి ముందు స్టూలు మీద కూర్చున్నాడు. ఊపిరి తీసుకుని, స్టీరింగ్ పట్టుకుని సీట్లోకి జారాడు. ఒక కాలు, తర్వాత చేత్తో ఎత్తి రెండో కాలు. సాయం చేయబోయిన చేతిని జగదీష్ జేబులో పెట్టేసుకున్నాడు. అవతలి వైపు నుంచి వచ్చి పక్క సీట్లో కూర్చున్నాడు.

"ఫస్ట్ వీక్ నడుపుదామనే చూసిన రా. క్లచ్ తొక్కితే కడుపుల గుచ్చుతుంది," అన్నాడు ఫణి. "ఇంట్ల ఎటు కూసున్నా పేషెంట్‌నే. ఎవరన్న రాంగనే దిండు సర్దుతరు. పాపం స్పందన నిద్రల గూడ నా ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూస్తది. ఈడ కూసుంటే డ్రైవర్ లెక్క ఉంటది, అంతే."

తాళంచెవిని ఒక్క మెట్టు తిప్పాడు. ఇంజన్ లేదు, రేడియో ఒక్కటే వెలిగింది. దేశీ స్టేషనులో ఎవరో మెంతికూర కట్టలు చవగ్గా ఇస్తున్నామని గొంతు చించుకుంటున్నారు. ఇద్దరికీ నవ్వొచ్చింది. ఆ నవ్వు ఫణికి నొప్పి పుట్టించింది, అయినా ఆపలేదు.

"ఏ దారిల పోదాం?" అన్నాడు ఫణి, ఎదురుగా ఉన్న గోడను చూస్తూ.

"635 హైవే వద్దు, శనివారం జామ్ ఉంటుంది," అన్నాడు జగదీష్.

"అయితే లోపలి రోడ్లే పట్టుకుందాం."

నళిని పిలిచే దాకా వాళ్ళు అలాగే వెళ్ళారు.

*

ఫణి ఆ టర్న్ పూర్తి చేయలేదు. సెప్టెంబరులో ఒక మధ్యాహ్నం, ఇంట్లోనే, నిద్రలో పోయాడు. ముందు రోజు సాయంత్రం కూడా కారులో కూర్చున్నాడట. స్పందన మజ్జిగ పట్టుకెళ్తే, పక్క సీటు చూపించి ఎక్కమన్నాడట. ఆ కారులో ఆవిడ కూర్చోవడం అదే మొదలట.

కర్మకాండలయ్యాక ఆవిడే ఫోన్ చేసింది. "అన్నయ్యా, కారు తీసుకెళ్తారా? గ్యారేజీ తలుపు తీయాలంటే చెయ్యి రావట్లేదు."

ముగ్గురూ వెళ్ళారు. ఎవరి టర్నని ఎవరూ అడగలేదు. నీరజ్, రఘువీర్ వాకిట్లోనే నిలబడిపోయారు. జగదీష్ గోడ మీది చార్జర్ తీసి, స్టూలుని కదపకుండా దాటుకుని, కారులో కూర్చున్నాడు. సీటు చివరి దాకా వెనక్కి వాలి ఉంది. దాన్ని ఎత్తడానికి మీట మీద చెయ్యి వేసి, మళ్ళీ తీసేశాడు. ఒక్కసారి టిక్కుమని ఊరుకుంటే బాగుండునని మనసులో కోరుకుంటూ తాళంచెవి తిప్పాడు. ఇంజన్ ఠక్కున అందుకుంది. రేడియో కూడా, తనెక్కడ ఆగిందో అక్కణ్ణించే అన్నట్టు, మాట్లాడడం మొదలెట్టింది.

స్టీరింగ్ పట్టుకుని ముందుకి వంగి, వీపు సీటుకి ఆనకుండా, కారుని మెల్లగా వెనక్కి తీశాడు. వీధిలోకి వచ్చాక ఒకసారి ఆగి చూశాడు. ఖాళీ గ్యారేజీలో, డ్రైవర్ తలుపు తెరుచుకునే చోట, నీలం స్టూలు ఉంది.