ప్రార్థన చెయ్యమన్న పిల్ల

"సండే కాల్ అయిపోయిందమ్మా. ఇక వచ్చే వారమే," అన్నాడు వార్డెన్ పట్టాభి, గేటు తాళం తియ్యకుండానే.

"కాల్ ఒద్దు సార్. మా చెల్లెను పంపున్రి. దవాఖానకు తీస్కపోత," అంది ఎలిజబెత్.

చైతన్యపురిలోని ఆ నీట్ కోచింగ్ హాస్టల్లో పిల్లల దగ్గర ఫోన్లుండవు. వారానికోసారి వార్డెన్ టేబుల్ మీది ఫోన్లో, స్పీకర్ పెట్టి, ఆయన ముందే ఇంటివాళ్ళతో మాట్లాడాలి. కొన్ని నెలలుగా ఎలిజబెత్ చెల్లెలు జోస్నా ఆ ఫోన్లో ఒకటే అడుగుతోంది: "నా కోసం ప్రార్థన చెయ్యండి." చర్చికి రమ్మంటే తలనొప్పి తెచ్చుకునే పిల్ల మారిపోయిందని తండ్రి స్టీఫెన్ చర్చి సంఘంలో లేచి సాక్ష్యం చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఎలిజబెత్ కూడా కొట్టింది.

ఈ ఉదయం జోస్నా ఇంకో మాట కలిపింది. "నా బట్టలు, వాచీ నువ్వే వాడుకో అక్కా. నాకింక పనిలేదు."

ఎల్బీనగర్ బట్టల షాపులో బిల్లింగ్ దగ్గర ఆ ఫోన్ ఎత్తిన ఎలిజబెత్, కౌంటర్ వదిలేసి మెట్రో ఎక్కింది.

"జ్వరమా?" అడిగాడు పట్టాభి.

"కాదు. మనసు బాలేదు."

"ఇక్కడెవరి మనసు బాగుందట? చదవలేనివాళ్ళ వేషాలమ్మా ఇవన్నీ. మీ నాన్నగారు చెబితేనే పంపుతా."

ఎలిజబెత్ తండ్రికి ఫోన్ చేసింది.

"పిచ్చి దవాఖానకా? సంఘంల నా మొఖం ఏడ పెట్టుకోవాలె? పాస్టరుతోని ప్రార్థన చేపిస్త. నువ్వు ఇంటికి పో."

"ప్రార్థన జేద్దాం డాడీ. గాని అది అడిగింది గది కాదు. గీయన ముంగట ఇంకేమని అడుగుతది?"

స్టీఫెన్ ఫోన్ పెట్టేశాడు.

గొడవ విని జోస్నా మెట్లు దిగి వచ్చింది. వెనక ఇంకొందరు ఆడపిల్లలు నిలబడ్డారు. ఎలిజబెత్ గేటు ఊచల్లోంచి చెల్లెలి చెయ్యి పట్టుకుంది.

"సూటిగ అడుగుతున్న. సచ్చిపోవాలనిపిస్తుందా?"

"లేనిపోని ఆలోచనలు మీరే పెడుతున్నారు," అడ్డొచ్చాడు పట్టాభి.

జోస్నా ఆయన్ని చూసింది. తర్వాత అక్కను చూసింది. "రోజూ," అంది.

మెట్ల మీది ఆడపిల్లలు ఒక మెట్టు కిందికి దిగారు.

"పద్దెనిమిది నిండినయ్ దానికి. ఇంకెవరి పర్మిషన్ కావాలె సార్?"

పట్టాభి మెట్ల వైపు ఒకసారి చూసి తాళంచెవి తీశాడు. "వెళ్తే మళ్ళీ రానివ్వను. మంచం ఇంకొకరికి ఇచ్చేస్తా."

"ఇచ్చెయ్యి."

ప్రభుత్వ దవాఖానకు ఆటో మాట్లాడి, దారిలోనే ఎలిజబెత్ 14416కు ఫోన్ కలిపింది. మనసు బాగాలేనివాళ్ళ కోసం ప్రభుత్వం పెట్టిన నంబరు అది.

"వాళ్ళకేం చెప్పాలె?" అడిగింది జోస్నా.

"నాకు చెప్పిందే."

"డాడీకి కోపమొచ్చిందా?"

"ఒచ్చింది. మాట్లాడు."

"నా పేరు జోస్నా," అంది ఫోన్లో. ఆటోవాడు వింటున్నాడని మొదట గొంతు తగ్గించింది. మాటలు రావడం మొదలయ్యాక తగ్గించలేదు.