హాస్టల్లో ‘పి’ లేదు

మా ఆయన బస్సు డ్రైవరు. డిపోలో ఆయన్ని అందరూ డేగ అంటారు. పాతికేళ్ల కిందట పొగమంచులో రోడ్డుకి అడ్డంగా పడుకున్న కుక్కని ఎంతో దూరం నుంచే చూసి బస్సు ఆపాడట, అప్పటినుంచీ ఆ పేరు. చూపు తగ్గి మూడేళ్లయింది, పేరు మాత్రం అలాగే ఉంది. ఆ పేరు మీద ఉన్న మమకారంలో సగం నా మీద ఉన్నా నేను ఈపాటికి మహారాణిని.

ఐదేళ్లకోసారి వచ్చే కంటి పరీక్ష ఆ సోమవారం ఉంది. ఫెయిలైతే స్టీరింగ్ మీద నుంచి దించేస్తారు. అద్దాలు పెట్టి మళ్లీ చూస్తారు, దానికీ సరిపోకపోతే ఇక రిటైరయ్యేదాకా గ్యారేజీలో టైర్లకి గాలి కొట్టుకోవడమే. “అద్దాలా? డేగకి అద్దాలేమిటే, నవ్విపోతారు!” అని మా ఆయన కస్సుమన్నాడు. కళ్లు నెత్తికెక్కినవాడికి గోడ మీద అక్షరాలు ఎలా కనిపిస్తాయి మరి?

అందుకని అడ్డదారి వెతికాడు. ఆయన బస్సులో పనిచేసే కండక్టరుకి పరీక్ష వారం ముందే అయిపోయింది. అతను గోడ మీద బోర్డంతా ఒక టికెట్టు వెనక దించుకొచ్చాడు. పైన పెద్ద ‘ఈ’, అది గోడకి కూడా కనిపిస్తుంది. దాని కింద టి, ఎక్స్. ఆ కింద పి, ఎల్, సి. తర్వాత హెచ్, ఎస్, టి, ఎల్. అన్నిటికన్నా కింద పి, ఎస్, టి, ఎమ్, ఎన్.

“వదినా, ఇవి అన్న బుర్రలోకి ఎక్కించే పూచీ నీది” అన్నాడు కండక్టరు.

నేను స్కూలు లైబ్రరీలో పనిచేస్తాను. నాలుగు అక్షరాలిచ్చి వాటితో ఇంగ్లీషు పదం పట్టుకోమనే పేపరు పజిళ్లంటే నాకు పిచ్చి. ఈ పని కూడా ఒక పజిలే కదా అనుకున్నాను, సిగ్గు లేకుండా ఉత్సాహపడ్డాను కూడా. ఉత్త అక్షరాలు మా ఆయనకి గుర్తుండవు, పదాలైతే ఉంటాయి. పదంలోంచి ఎ, ఈ, ఐ, ఓ, యు తీసేస్తే బోర్డు మీది అక్షరాలు మిగలాలి, అదీ నా ఉపాయం.

టి, ఎక్స్‌కి టాక్సీ వెంటనే దొరికింది. పి, ఎల్, సికి పాలెస్ వస్తుంది, పోలీస్ కూడా వస్తుంది. మా ఆయనకి పాలెస్ కన్నా పోలీసే బాగా పరిచయం. హెచ్, ఎస్, టి, ఎల్‌కి తోసుకుపోవడమనే అర్థంలో హసల్ అని ఒకటుంది గానీ అందులో టి పలకదు, పలకనిదాన్ని ఈయన తప్పకుండా మింగేస్తాడు. కాబట్టి హాస్టల్. ఆఖరిదానికి పోస్ట్‌మాన్.

“టాక్సీ, పోలీస్, హాస్టల్, పోస్ట్‌మాన్” అని శుక్రవారమంతా వల్లె వేశాడు. గడ్డం గీసుకుంటూ ఒకసారి, చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ ఒకసారి. నా తెలివికి నేనే మురిసిపోయాను.

శనివారం పొద్దున ఆయన బస్సులోనే పనికి బయల్దేరాను. దారిలో ఒక చోట బస్సు ఆగింది, తలుపు తెరుచుకుంది. ఎవరూ ఎక్కలేదు. చూస్తే అక్కడున్నది పోస్టు డబ్బా. మా ఆయన దానికోసం ఆగి, తొందరగా ఎక్కమని హారన్ కూడా కొట్టాడు. నాకు నవ్వాగలేదు.

ఆ నవ్వు స్కూలు మలుపు దాకానే. అక్కడ ఒక పిల్ల రోడ్డు దాటుతోంది, బస్సు వేగం తగ్గలేదు. “పిల్ల! పిల్ల!” అని కండక్టరు గొంతు చించుకున్నాకే బ్రేకు పడింది. దిగి చూస్తే బంపరుకీ ఆ పిల్లకీ మధ్య జానెడు జాగా ఉంది. “నేను చూశానులే, బ్రేకే వదులైంది” అన్నాడు మా ఆయన అందరికీ వినపడేలా. డేగ మాట కదా, అందరూ నమ్మారు. నేనూ నమ్మడానికి నానా తంటాలు పడ్డాను.

సాయంత్రం కుర్చీలో వెనక్కి వాలి మళ్లీ పాఠం మొదలుపెట్టాడు. “టాక్సీ వెళ్లి ఎవరినో గుద్దింది. పోలీస్ వచ్చాడు. తర్వాత హాస్పిటల్. ఇంటికి కబురు పట్టుకొచ్చాడు పోస్ట్‌మాన్. చూశావా, కథలా కుదిరింది!”

హాస్టల్ అండీ అనబోయి ఆగిపోయాను. హాస్పిటల్లో ఒక పి ఎక్కువ. బోర్డు మీద నాలుగు అక్షరాలుంటే ఈయన అయిదు చదువుతాడు, దొరికిపోతాడు. ఒక్క మాట సరిదిద్దితే చాలు. దిద్దితే సోమవారం నుంచి మళ్లీ ఆ మలుపులో ఈయనే, ఆ పిల్లే. దిద్దకపోతే ఆయన పేరూ, బస్సూ నా చేతుల మీదుగానే పోతాయి. భయమేసింది, ఆయన మీద జాలేసింది.

“బాగా కుదిరిందండీ” అన్నాను.

సోమవారం తోడు వెళ్లి, తలుపు దగ్గర కుర్చీలో కూర్చున్నాను. మా ఆయన టాక్సీ, పోలీస్ దర్జాగా దాటేశాడు. “కింది వరస?” అంది డాక్టరమ్మ.

“హెచ్, ఎస్, పి, టి, ఎల్.”

ఆవిడ బోర్డు వంక చూసింది, మా ఆయన వంక చూసింది. “ఇక్కడున్నవి నాలుగే. ఆ పి ఎక్కడిదండీ?”

ఆయన నా వైపు తిరిగాడు. నేను తల దించుకున్నాను.

అద్దాలు పెట్టి మళ్లీ చదివించారు. పోస్ట్‌మాన్ దాకా తడుముకోకుండా చదివాడు. నాలుగో వరస దగ్గర మాత్రం గొణిగాడు: “హాస్టలే.”

అద్దాలతో నడపొచ్చని కాగితం ఇచ్చారు. కాగితం వచ్చినా నాతో మాట మాత్రం బంద్. రెండు రోజులు ఉప్పు కావాలన్నా గోడకే చెప్పాడు. డిపోలో అప్పుడే నాలుగు కళ్ల డేగ అని మొదలుపెట్టారట, ఆ ఉక్రోషం కూడా నా మీదే.

మూడో రోజు సాయంత్రం వచ్చి, బూట్లు కూడా విప్పకుండా నా ఎదురుగా కూర్చున్నాడు. అద్దాలు తీసి చొక్కా అంచుతో తుడిచాడు, శుభ్రంగా ఉన్నవాటినే మళ్లీ తుడిచాడు.

“ఆ పిల్ల ఇవాళ కనిపించిందే. చాలా దూరం నుంచే కనిపించింది. బ్యాగుకి పసుపు రిబ్బను కట్టుకుంది.”

“ఆ రోజూ ఉందండీ రిబ్బను” అన్నాను.

“ఆ రోజు నాకు రిబ్బను కాదు, పిల్లే కనిపించలేదు.”

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. ఆయన అద్దాలు మళ్లీ పెట్టుకుని నన్ను చూశాడు.

“నా కథే కరెక్టు. అక్కడ హాస్పిటలే రావాలి.”