లోపం లేని పుంజు

లింబాయత్‌లో పనికి వలసొచ్చి మేముండే ఒంటిగది ఖోలీ పైన డాబా మీద నా బిడ్డ కరుణ నాటుకోళ్లు పెంచుతుంది. మగ్గాల కార్ఖానాలో కండెలు చుట్టే పని దానికి పడలేదు. ఆ దుమ్ముకు ఊపిరాడదు. మంచి జాతి తీసి కోడిపిల్లల్ని అమ్ముకుంటే మళ్లీ అక్కడికి పోనక్కర్లేదని దాని ఆశ. నాకేమో కోళ్లకు తెగులొస్తే ఎట్లా, కరుణ డాబా మీంచి జారిపడితే ఎట్లా అని ఎప్పుడూ గుబులే.

జాతి తీసే పుంజును ఊరికే ఎంచేది కాదు. వెల్లకిలా పట్టుకుని రొమ్ము ఎముక పొడుగునా వేలితో తడిమేది. వంకరుంటే కూరకే. కాళ్లు లావుగా, ఎడంగా ఉండాలి. వేళ్లు తిన్నగా ఉండాలి. కన్ను మెరవాలి. అట్లా ఏరి ఏరి చివరికి ఒక ఎర్ర పుంజును తెచ్చి నా ఒళ్లో పెట్టింది.

"దీంట్ల ఒక్క లోపం చూపియ్యి అమ్మా."

"నాకేం తెలుస్తది బిడ్డా."

"నాలోన అయితే దినాం పది దొరుకుతయ్ గదా నీకు."

నిజంగానే ఒక్కటీ దొరకలేదు. బమ్రోలిలో కోళ్ల వ్యాపారం చేసే పరుశురాం ఆదివారం వచ్చి చూస్తానన్నాడు. పుంజు నచ్చితే దాని పిల్లలన్నీ ఆయనే తీసుకుంటాడట.

అంతలో కరుణకు జ్వరమొచ్చింది. మందులు మింగినా దిగలేదు. నాకు అన్నీ చెడ్డ ఆలోచనలే. పిల్ల లేచి తిరిగితే ఒక పుంజునిస్తానని పోచమ్మకు మొక్కాను. జ్వరం దిగింది.

మా గల్లీ చివర పోచమ్మకు దీపం పెట్టే ఐలమ్మను ఎట్లాంటి పుంజు ఇవ్వాలని అడిగాను.

"కుంటిదో గుడ్డిదో పట్కరాకు అక్కా. లోపం లేంది ఇయ్యాలె. లేకుంటే జరం తిరగవెడ్తది" అంది.

బజారులో కొనొచ్చు. కానీ ఆ పుంజుల్లో ఏ లోపం దాగి ఉందో నాకెట్లా తెలుస్తుంది? ఇదైతే నా బిడ్డ తడిమి తడిమి చూసింది.

శనివారం కరుణ దాణా కోసం పోయినప్పుడు మొక్కు తీర్చాను. అది తిరిగొచ్చేసరికి కూర పొయ్యి మీద ఉంది.

"ఎర్రది ఏదమ్మా?"

"పోచమ్మ తల్లికిచ్చిన బిడ్డా. నీ పానం కోసమే."

"ఇంకో పుంజు దొరకలేదా?"

"మిగిలినవాటికి లోపాలున్నయని నువ్వే చెప్తివి గదా."

కరుణ దాణా సంచి గోడకు ఆనించింది.

"మంచిగ బతికిచ్చినవ్. ఇగ కండెలు చుట్టుకుంట బతుకుత" అంది.

కూర ముట్టలేదు.

ఆదివారం పరుశురాం వచ్చాడు. మిగిలిన పుంజులను ఒక్కొక్కటే పట్టి చూసి కింద వదిలాడు. "వీటితోని మంచి జాతి రాదు బిడ్డా" అని చాయ్ కూడా తాగకుండా పోయాడు.

సోమవారం పొద్దున కరుణ ముక్కుకు గుడ్డ కట్టుకుని కార్ఖానాకు బయలుదేరింది. ఆ దుమ్ములో మళ్లీ జ్వరమొస్తే నేనేమి మొక్కాలి? డాబా మీద ఇవ్వదగింది ఒక్కటీ లేదు.