పన్నెండు దాటని బడి

న్యూ మెక్సికో కొండల్లోని ఆ చిన్న బడిలో పన్నెండింటికి మందు వేసుకోవలసిన పిల్లలు ఏడుగురు. నర్సు మూడు ఊళ్ళ బళ్ళు చూసుకోవాలి, వారానికి ఒక్కరోజు వస్తే గొప్ప. మిగతా రోజుల్లో ఆఫీసు పని చూసే ఓర్లిండాయే బీరువా తాళం తీసి, సీసా మీద పేరు చదివి, కాగితం మీద సంతకాలు చూసి, మాత్ర ఇచ్చి, నాలుక ఎత్తించి మింగారో లేదో చూసేది. చివరి పిల్ల మింగేదాకా బడిలో పన్నెండు దాటేది కాదు. ఎవరైనా ఉయ్యాల దగ్గర ఆలస్యం చేస్తే ఎండ అక్కడే నిలబడేది, వంటావిడ మరో గరిటె చిక్కుడు గింజలు వడ్డించేది.

ఆగస్టులో బడి తెరిచిన రోజు ఆరుగురు మింగారు. ఏడోది తొమ్మిదేళ్ళ డెల్ఫీనా, మూర్ఛ జబ్బు పిల్ల. డాక్టరు పంపిన సీసా ఉంది, ఆయన సంతకం ఉంది. ఇంటివాళ్ళ సంతకం దగ్గర ఖాళీ. ఏటా వాళ్ళమ్మ చేసేది. ఆవిడ జూన్‌లో పోయింది.

"ఇంట్లో వేసుకుంటున్నావా తల్లీ?"

"నాన్న అన్నీ పారేశాడు. మూడు రోజులైంది."

సంతకం లేకుండా ఇస్తే ఓర్లిండా ఉద్యోగం ఊడుతుంది. ఇవ్వకపోతే పిల్ల గతేమిటి? పిల్ల తండ్రి ఎలోయ్‌కి కబురు పెట్టింది.

కంచెలు వేసే పని వదిలి అతను వచ్చేసరికి ఊళ్ళో పొద్దు వాలింది. బడి గేటు దాటగానే నడినెత్తిన ఎండ. టోపీ సర్దుకున్నాడు.

"నీ పుణ్యమా అని నా చెయ్యి పడిపోయింది ఎలోయ్," అంది వంటావిడ, ఐదోసారి వడ్డిస్తూ.

అతను ఆఫీసులోకి వచ్చి కూర్చోలేదు. "మాత్రల సంగతి నాకు చెప్పకు పిన్నీ. దీని అమ్మ నడుం నొప్పికని మొదలుపెట్టింది. డాక్టరు ఇచ్చినవే. చివరికి స్నానాలగది తలుపు విరగ్గొట్టి చూడాల్సొచ్చింది దాన్ని."

"ఇవి అవి కావురా."

"అప్పుడూ ఏం కాదనే అన్నారు."

ఆ తలుపు బాగుచేసింది ఓర్లిండా మొగుడే.

"పిల్ల చెయ్యి చూడు," అంది.

ఆఫీసు మూల మంచం మీద కూర్చున్న డెల్ఫీనా ఎడమచేతి వేళ్ళు వంకర తిరగబోయి సగంలో ఆగి ఉన్నాయి.

"ఏమిటది?"

"మూర్ఛ వచ్చేసింది. పన్నెండు దాటలేదు కాబట్టి ఆగింది."

"అయితే దాటనివ్వకు."

"సరే. బయట నువ్వు ముసలాడివవుతావు. ఇది ఇక్కడే తొమ్మిదేళ్ళ పిల్లగా చిక్కుడు గింజలు తింటూ కూర్చుంటుంది."

ఎలోయ్ కూతురి వైపు చూడలేకపోయాడు.

"ఒక్కటే నాన్నా," అంది డెల్ఫీనా. "ఆవిడ ఒక్కటే ఇస్తుంది."

సంతకం పెట్టాడు. పిల్ల మింగింది, నాలుక ఎత్తి చూపించింది. అయినా గడియారం ముల్లు వెంటనే కదల్లేదు. ఎలోయ్ ఆ చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. వేళ్ళు ఒక్కొక్కటే సాగాయి, అన్నిటికన్నా చివర చిటికెన వేలు. అప్పుడు గంట మోగింది. పిల్లలు ఉసూరుమంటూ తరగతులకు నడిచారు.

అతను మాత్రం లేవలేదు. "రాత్రి మాత్ర ఇంట్లోనేగా?"

"ఎనిమిదింటికి. కొత్త సీసా మందుల షాపులో పెట్టించాను, వెళ్తూ తీసుకో."

"మా ఇంట్లో ఏ గడియారమూ ఆగదు పిన్నీ." టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "ఎప్పుడూ వాళ్ళమ్మే వేసేది. నాకేం తెలీదు. నీళ్ళు ముందా, మాత్ర ముందా?"