పాదాల కొలత

కుడి పాదం, దాని వేళ్లకు ఆనించి ఎడమ మడమ, మళ్లీ కుడి పాదం. చెప్పులు గట్టున విడిచి, నోట్లో లెక్క పెట్టుకుంటూ ఎనిమిదాయన లైసెన్సు పరీక్షల మైదానంలో నడుస్తున్నాడు. ఇరవై నాలుగు పాదాలైతే ఒక సున్నా అడ్డకొలత. రెండు సున్నాలు కలిస్తే ఎనిమిది. దాని మీద కాలు కింద పెట్టకుండా, గీత తొక్కకుండా బండి తిప్పినవాళ్లకే లైసెన్సు. రోజూ తొమ్మిదింటికల్లా సుద్దపొడితో ఆ ఎనిమిది గీసి పెట్టడం ఇరవై రెండేళ్లుగా ఆయన ఉద్యోగం. టేపు ఇస్తామంటే ఎన్నడూ ముట్టలేదు. తన పాదం సరిగ్గా ఒక అడుగని ఆయనకు మహా గొప్ప. అందుకే అందరికీ ఎనిమిదాయన. అసలు పేరు హాజరు పుస్తకానికి తప్ప ఎవరికీ గుర్తులేదు, ఆయనకూ ఆ దిగులు లేదు.

పొట్టి మనిషి, పెద్ద పాదాలు, మోచేతుల దాకా సుద్ద. నిరుడు షుగరు జబ్బు ఎడమ కాలి వేళ్లు అయిదింటినీ తినేసింది. ఆ పాదానికి స్పర్శ కూడా లేదు. చెప్పు జారిపోయినా తెలియక నడిచి వెళ్లిపోతుంటాడు, వెనక నుంచి కూతురు కేకేసి ఆపాలి. వేళ్లుండాల్సిన చోట గుడ్డ కుక్కి ఆ చెప్పును కాలికి కుదిర్చింది కూడా ఆమే.

గేటు తీయగానే జనం లోపలికొచ్చారు.

"బ్యాటరీ బండికి కూడా లైసెన్సేంటండీ? చప్పుడే రాదు కదా," అన్నాడొకడు.

"నెమ్మదిగా పోయే చిన్నబండికి అక్కర్లేదు బాబూ. మీది మోటారుసైకిల్ని దాటేసే రకం. లైసెన్సూ, నంబరు ప్లేటూ, హెల్మెట్టూ అన్నీ ఉండాల్సిందే. చప్పుడు రాకుండా గుద్దితే దెబ్బ తగలదా ఏంటి?" అన్నాడు ఎనిమిదాయన.

వరుసలో ఆయన కూతురూ ఉంది. ఇళ్లకు వెళ్లి రోగులకు ఇంజెక్షన్లిచ్చే ఉద్యోగం కుదిరింది. ఆసుపత్రివాళ్లు బ్యాటరీ స్కూటరు ఇచ్చారు, లైసెన్సు తెచ్చుకోవడానికి గడువూ ఇచ్చారు. రెండుసార్లు పరీక్ష తప్పింది. గడువు ఈ రోజుతో సరి.

"నాన్నా, పుస్తకంలో ఉన్న కొలతకి ఇటుకలు పెట్టుకుని మన సందులో పదిసార్లు తిప్పాను. ఒక్కటీ తగల్లేదు. ఇక్కడ రెండో మలుపులో చోటే ఉండట్లేదు."

"చెయ్యి తిరగక నా గీతకి వంక పెట్టకు," అని కసిరాడు.

కసిరాడే గానీ మనసు ఊరుకోలేదు. వెళ్లి వంగి చూశాడు. రాలిన సుద్దపొడిలో పొద్దుటి తన అడుగులు వరుసగా పడి ఉన్నాయి. కుడిది అయిదు వేళ్లతో నిండుగా ఉంది. ఎడమది ముందే ఆగిపోయింది. పన్నెండు ఎడమ పాదాలు, ఒక్కోదానికి రెండంగుళాలు. మొత్తం రెండడుగులు తక్కువ.

వేళ్లు పోయి పద్నాలుగు నెలలు. గీత తొక్కి, అక్కడే నిలబడి ఏడ్చిన పోస్ట్‌మ్యాన్ గుర్తొచ్చాడు. అయిదుసార్లు వచ్చి, "నాకిది రాసిపెట్టి లేదులే అన్నా," అని నవ్వి, మళ్లీ రాని కూరగాయలామె గుర్తొచ్చింది. ఆ రోజు ఆమెకు ధైర్యం చెప్పింది తనే. సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది.

అప్పటికే ఇద్దరు తిప్పి తప్పారు. కూతురి వంతుకు ముందు గుట్టుగా గీత జరిపితే దొంగపని. ఊరుకుంటే పిల్ల నోటికాడ కూడు తీసినట్టు. తిన్నగా పరీక్ష పెట్టే ఇన్‌స్పెక్టరమ్మ దగ్గరకు వెళ్లాడు.

"మేడమ్, ఎనిమిది తప్పుగా ఉంది. పద్నాలుగు నెలలుగా తప్పే గీశాను. నా కాలు పొట్టిదైపోయింది, చూసుకోలేదు."

ఆమె టేపు తెప్పించి కొలిచింది. తరువాత టేపు పట్టించి ఆయన చేతే మళ్లీ గీయించింది. తప్పిన ఇద్దరినీ మళ్లీ పిలిచింది. కూతురు చప్పుడు లేని ఆ స్కూటరు మీద రెండు మలుపులూ హాయిగా చుట్టి వచ్చింది. పాసైంది.

"ఇంతకుముందు తప్పినోళ్లకి కబురు పెడతారా మేడమ్?"

"పద్నాలుగు నెలలు, పెద్దాయనా. ఎవరెవరికని పెడతాం?" అందామె. టేపు చుట్టేస్తూ, "రేపు పెయింటుతో గీతలు వేయించేస్తాను. మీరిక ఇంటిపట్టున ఉండండి," అంది.

ఆయన తలూపి సుద్ద డబ్బా అప్పజెప్పాడు. కళ్లు మసకబారుతుంటే గట్టు దగ్గర చెప్పుల కోసం కాళ్లతోనే తడుముకున్నాడు.

"పద నాన్నా, మొదట నిన్నే ఎక్కించుకుంటా," అంటూ కూతురు ఆయనకి హెల్మెట్టు తొడిగి గడ్డం కింద బిగించింది. వెనక కూర్చునేవాళ్లకూ ఉండాలని వేలమందికి చెప్పినవాడు, బుద్ధిగా ఎక్కి కూర్చున్నాడు. ఉద్యోగం పోయిన సంగతి ఆమెకింకా తెలియదు. ముందుకు చూస్తూ నవ్వుతోంది, వెనక ఆయన ఏడుస్తున్నాడు. స్కూటరు గేటు దాటింది.

మైదానం గట్టున, కొత్త గీతకు కాస్త ఎడంగా, ముందువైపు గుడ్డ కుక్కిన ఎడమ చెప్పు ఒక్కటే ఉండిపోయింది.