వారం రోజుల కోర్సు

బో టై కట్టించుకునేటప్పుడు నెవిల్ గడ్డం పైకెత్తి, మంగలి కుర్చీలో కూర్చున్నవాడిలా కళ్ళు మూసుకుంటాడు. గ్లెండా ఆ నల్ల పట్టుగుడ్డను కట్టింది, విప్పింది, మళ్ళీ కట్టింది. నిజానికి మొదటిసారే చక్కగా కుదిరింది. మొగుడు ఏదో చెప్పబోతున్నాడని ఆమెకు తెలుసు. ఆ మాట బయటికి రాకుండా టై వంకతో అతని గొంతు దగ్గరే చేతులు పెట్టుకుని నిలబడింది.

"గ్లెండా, ఇవాళ చెప్పేస్తాను."

"కదలకు. వంకరపోతుంది."

"పొద్దున డెక్కు మీద రోడ్నీ కనిపించాడు. ఇవాళ్టితో నీ కోర్సు అయిపోయింది కదా గురూ అని ఒకటే సంబరం. క్రిస్మస్ పొద్దున లేచిన పిల్లాడిలా ఉన్నాడు."

"ఇంకో వారం పొడిగించారని చెబుదాం."

"ఎవరు పొడిగించారు? సముద్రం మధ్యలో డాక్టరెవరు, డాల్ఫినా?"

వెనకటి రోజుల్లో అయితే ఆమె పగలబడి నవ్వేది. ఇప్పుడు టై చివరలు లాగి సరిచేసి, "మొహం కొంచెం నవ్వుతూ పెట్టు," అంది.

ఓడ సౌతాంప్టన్‌లో బయలుదేరిన మొదటి సాయంత్రమే వచ్చిపడింది ఈ తంటా. భోజనాల గదిలో వాళ్ళకిచ్చిన బల్ల నలుగురిది. తక్కిన ఇద్దరూ రోడ్నీ, అతని భార్య కోరల్. ప్లిమత్ వాళ్ళు. రోడ్నీ నౌకాదళంలో చేసి రిటైరైనవాడు. గొంతు పెద్దది, మనసూ పెద్దదే. కుర్చీలో కూర్చోకముందే వైన్ సీసా చేతిలోకి తీసుకుని నెవిల్ గ్లాసు వైపు వంచాడు. నెవిల్ గ్లాసు మీద చెయ్యి అడ్డం పెట్టి నోరు తెరిచాడు. అతను ఏం చెబుతాడో గ్లెండాకి తెలుసు. ప్రతి మంగళవారం సాయంత్రం తమ ఊరు రాచ్‌డేల్‌లో, చాపెల్ వెనక హాల్లో, తాగుడు మానాలనుకునేవాళ్ళ మీటింగులో, ప్లాస్టిక్ కుర్చీల మధ్య నిలబడి అతను చెప్పే మాటే అది. తొలిరోజు ఆ ఒక్క వాక్యం చెప్పి వచ్చి, ఇంట్లో వంటగది బల్ల మీద తలపెట్టుకుని ఏడ్చాడు. ఆ తర్వాత మళ్ళీ చుక్క ముట్టలేదు.

ఆ మాట ఈ తెల్లటి బల్లగుడ్డ మీద, వెండి చెంచాల మధ్య పడుతుందనేసరికి గ్లెండాకి సిగ్గుతో చచ్చినంత పనైంది. "యాంటిబయోటిక్స్ వాడుతున్నాడు," అనేసింది, అతనికంటే ముందే.

"అయ్యో, దేనికి?" అంది కోరల్.

"పన్ను. చీము పట్టింది."

"ఎన్నాళ్ళ కోర్సు?" అన్నాడు రోడ్నీ.

"వారం," అంది గ్లెండా, ఆలోచించకుండా. మందు తాగనంటే ఆ దేశంలో ఎవరూ ఊరుకోరు కానీ, మందులు మింగుతున్నానంటే మాత్రం పాపం అంటారు. అందుకని అక్కడ ప్రతి ఇల్లాలి నోట్లోనూ ఈ అబద్ధం సిద్ధంగా ఉంటుంది. కాకపోతే ఇది ఒక పూట పెళ్ళికో, ఒక పుట్టినరోజుకో సరిపోయే అబద్ధం. ఓడ ప్రయాణం రెండు వారాలన్న సంగతి ఆవిడకి ఆ క్షణంలో తట్టలేదు.

రోడ్నీ ఆ వారాన్ని పట్టుకున్నాడు. రోజూ రాత్రి భోజనాల దగ్గర "ఇంకెన్ని రోజులు గురూ?" అని అడగడం, నెవిల్ ఏదో ఒకటి గొణగడం, కోరల్ "ఊరుకోవయ్యా, పంటినొప్పి మనిషిని" అని మొగుణ్ణి గదమడం బల్లకి అలవాటైపోయింది. ఓడ బిస్కే అఖాతం దాటింది, మదీరా దీవి వచ్చింది, పోయింది. మూడో రోజునే నెవిల్ కేబిన్‌లో మంచం అంచున కూర్చుని, "నిజం చెప్పేస్తే తల తెగిపోతుందా?" అన్నాడు.

"నీ తల కాదు, నాది. ఇప్పుడు చెబితే నేను అబద్ధాలకోరునవుతాను."

"పోనీ నేను పైన బఫేలో తింటాను. చొక్కా చాలు అక్కడ. నువ్వు ముస్తాబై వాళ్ళతో కూర్చో."

"మొగుడు పైన చేపలూ చిప్సూ తింటూ ఉంటే నేనొక్కదాన్నే తగుదునమ్మా అని కింద కూర్చోవాలా? నలుగురూ ఏమనుకుంటారు?"

ఆ నలుగురూ ఎవరని నెవిల్ అడగలేదు.  నాలుగేళ్ళ కిందట ఇలాంటి ఓడలోనే, లంగరెత్తే వేళ డెక్కు మీద జరిగే పార్టీలో, నెవిల్ ప్యాంటు విప్పి తలకి చుట్టుకుని గంతులేశాడు. ఇద్దరు కాపలావాళ్ళు చెరో రెక్కా పట్టుకుని కేబిన్‌కి తెచ్చి పడేశారు. మిగిలిన రోజులన్నీ మెట్ల మీద ఎవరు ఎదురైనా గ్లెండాకి మొహం చెల్లలేదు. ఆ మరుసటి ఏడాది అతను కారు తీసుకెళ్ళి పక్కింటివాళ్ళ తోటగోడకి గుద్దాడు. జీవితమంతా ఊళ్ళో పిల్లలకి డ్రైవింగ్ నేర్పి బతికినవాడు లైసెన్సు పోగొట్టుకుని ఇంట్లో కూర్చున్నాడు. ఆ తర్వాతే ఆ చాపెల్ హాలు.

ఈసారి అతను కొండల్లో నడకకి పోదామన్నాడు. ఓడే కావాలంది గ్లెండా. తల తీసేసినంత పనైన చోటే తలెత్తుకు తిరగాలని ఆవిడ పంతం. మాంచెస్టర్ వెళ్ళి ముదురు నీలం గౌను కొంది, మెడ దగ్గర నుంచి కింది అంచు దాకా మెరుపులే. ఓడలో కొన్ని రాత్రులు ఆడవాళ్ళు అలాంటి గౌన్లలో, మగవాళ్ళు నల్లకోటు, బో టైలలో ఉండాలి. మామూలు బట్టల్లో ఉన్నవాళ్ళకి ఆ రాత్రి పై అంతస్తు బఫే, దాని పక్కనున్న ఒక బారు తప్ప ఇంకెక్కడా ప్రవేశం లేదు.

ఇంకో సంగతి కూడా ఉంది. గ్లెండా దాన్ని తనకి తానే చెప్పుకునేది కాదు. తాగుడు మానిన నెవిల్‌తో ఆమెకి పొద్దుపోవడం లేదు. పాత నెవిల్ ఏ గదిలో అడుగుపెట్టినా నలుగురు చుట్టూ చేరేవాళ్ళు. ఈ నెవిల్ పక్షుల పుస్తకం పట్టుకుని పెందలాడే పడుకుంటాడు. మొన్న ఓడలో డెబ్బయిల నాటి పాటల పార్టీకి ఆమె ఏరి కొన్న బెల్‌బాటం ప్యాంటు వేసుకుని, నిమ్మసోడా గ్లాసుతో గోడకి ఆనుకుని, బస్సు కోసం నిలబడ్డవాడిలా నిలబడ్డాడు. ఆ రాత్రి ఆవిడ రోడ్నీతో డ్యాన్సు చేసింది.

ఇవాళ కెప్టెన్ పార్టీ. మధ్య హాలు మెట్లన్నీ గౌన్లతో, నల్లకోట్లతో నిండిపోయాయి. కిటికీల అవతల ఇంకా ఎండ ఉంది. రోడ్నీ కోటు మీద చిన్న చిన్న పతకాలు వరసగా మెరుస్తున్నాయి. పళ్ళేల నిండా నురగలు కక్కే వైన్ తిరుగుతోంది, ఉచితంగా. నెవిల్ ఎక్కడినుంచో మంచినీళ్ళ గ్లాసు సంపాదించుకుని వచ్చి పక్కన నిలబడ్డాడు.

కెప్టెన్ ఉపన్యాసం ముగిసి చప్పట్లు సద్దుమణిగాక రోడ్నీ గ్లాసెత్తాడు. "ఇవాళ ఆదివారం. ఆదివారం నాడు ఓడ మీద మా వాళ్ళు ఎవరిని తలుచుకుని తాగుతారో తెలుసా? ఇక్కడ లేనివాళ్ళని. పోయినవాళ్ళని, దూరంగా ఉన్నవాళ్ళని." పెద్ద గొంతు ఎప్పుడూ లేనంత నెమ్మదిగా వచ్చింది. అంతలో నెవిల్ చేతివైపు చూశాడు. "అదేంటి గురూ, నీళ్ళా? వద్దు వద్దు! నీళ్ళతో తలుచుకుంటే ఎక్కడో ఒక నావికుడు నీళ్ళపాలవుతాడు. నేను సర్వీసులో ఉన్నన్నాళ్ళూ ఆ పని ఎవరూ చెయ్యలేదు. ఇంతకీ కోర్సు అయిపోయిందిగా!"

"రోడ్నీ, నీతో ఒక మాట చెప్పాలి," అన్నాడు నెవిల్.

కానీ చెప్పకుండా పెళ్ళాం వైపు తిరిగాడు. అతని కళ్ళు ఆమె అనుమతి అడుగుతున్నాయి. తల ఊపితే చాలు. పక్కనే పచ్చల నెక్లెస్ వేసుకున్న ఒకావిడ ఆసక్తిగా చూస్తోంది. ఫొటోలు తీసేవాడు వీళ్ళ గుంపు వైపే వస్తున్నాడు. 

గ్లెండా చెయ్యి చాచి, పళ్ళెంలోంచి ఒక గ్లాసు తీసింది. మొగుడి చేతిలోని నీళ్ళ గ్లాసు లాగేసుకుని, దాని స్థానంలో ఇది పెట్టింది.

"ఒక్క గుక్క, నెవ్. పోయినవాళ్ళ కోసం. కోర్సు అయిపోయింది కదా."

నెవిల్ ఆమెనే చూశాడు. "అవును," అన్నాడు. "అయిపోయింది." ఒక్క గుక్క కాదు, గ్లాసు అడుగు దాకా తాగేశాడు.

"అదీ మగాడంటే!" అని రోడ్నీ అతని వీపు చరిచాడు.

దాచి లాభం లేదు, ఆ తర్వాత గంటసేపు గ్లెండా సుఖపడింది. భోజనాల బల్ల దగ్గరికి చేరేసరికి పాత నెవిల్ తిరిగొచ్చాడు. డ్రైవింగ్ నేర్చుకోవడానికొచ్చిన ఒక పాదిరిగారి భార్య కిటికీ అద్దం ఎత్తకుండానే కారుని, కార్లు కడిగే యంత్రంలోకి తోలేసిన కథ చెబితే పక్క బల్లవాళ్ళు కూడా కుర్చీలు తిప్పుకుని విన్నారు. "ఇన్నాళ్ళూ ఈ మనిషిని ఎక్కడ దాచావమ్మా?" అంది కోరల్, కళ్ళు తుడుచుకుంటూ. గ్లెండా గర్వంగా నవ్వింది. ఫొటోలో ఆ నవ్వే పడింది.

మాంసం వచ్చేసరికి అతను సీసా తనవైపు పెట్టుకున్నాడు. తీపి వచ్చేసరికి కథలు మొదలవుతున్నాయి కానీ ముగియడం లేదు. గ్లెండా బల్ల కింద అతని మోకాలు నొక్కింది. అతను లేచి నిలబడ్డాడు. కుర్చీ వెనక్కి పడింది.

"నేనూ ఒకటి చెబుతాను," అన్నాడు, గ్లాసెత్తి. "నా పేరు నెవిల్. నేను తాగుబోతును."

పక్క బల్లలు గొల్లున నవ్వాయి. ఎవరో చప్పట్లు కొట్టారు. మంగళవారాల హాల్లో చెప్పే వాక్యం అదే, ఒక్క అక్షరం తేడా లేదు. రోడ్నీ మాత్రం నవ్వలేదు. చేతిలో గ్లాసు కింద పెట్టి గ్లెండా వైపు చూశాడు. ఆమె తల వంచుకుని ఒళ్ళోని రుమాలు మడతలు పెట్టడం మొదలుపెట్టింది.

మర్నాడు పొద్దున కోరల్ డెక్కు మీద గ్లెండాని వెతుక్కుంటూ వచ్చి పక్క కుర్చీలో కూర్చుంది. 

"చెబితే సరిపోయేది కదమ్మా. రోడ్నీ చెల్లెలు ముట్టుకోదు, ఏళ్ళయింది. ఆ పిల్ల ఇంటికొస్తే ఈయన సీసాలన్నీ గరాజులో పెట్టి తాళం వేస్తాడు. అల్లంసోడాతో తలుచుకుంటాం. దాంతో ఏ నావికుడూ మునిగిపోడు."

"మా ఇంటి సంగతి మేం చూసుకుంటాం," అంది గ్లెండా.

"రాత్రంతా ఆయన నిద్రపోలేదు గ్లెండా. నేనే పోశాను, నేనే పోశాను అని ఒకటే ఇదవడం."

పోసింది అతను కాదని కోరల్‌కి తెలుసు. ఎదురుగా నిలబడి చూసింది. తెలిసీ అంత మెత్తగా మాట్లాడుతున్నందుకు గ్లెండాకి ఒళ్ళు మండిపోయింది. ఒక తిట్టు తిట్టినా బాగుండేది. లేచి చెప్పులీడ్చుకుంటూ వెళ్ళిపోయింది.

నెవిల్ ఆ రోజు మధ్యాహ్నానికే బారులో ఉన్నాడు. మర్నాడూ అంతే. ఈసారి డ్యాన్సులూ లేవు, ప్యాంటు తలకి చుట్టడమూ లేదు. ఎవరినీ నవ్వించకుండా, పని చేసుకుంటున్నవాడిలా తాగాడు. ఆమె బతిమాలింది, ఏడ్చింది, ఒకసారి గ్లాసు తీసుకెళ్ళి సింకులో ఒంపేసింది. అతను మళ్ళీ బారుకి నడిచాడు.

ఆఖరి ముస్తాబు రాత్రికి గ్లెండా ఒక్కతే తయారైంది. గౌను వెనక జిప్పు సగం దాకానే అందింది. మిగతా సగం లాగడం ఎప్పుడూ నెవిల్ పని. శాలువా కప్పుకుని, అతని బో టై పట్టుకుని పై అంతస్తుకి ఎక్కింది. బఫే పక్క బారులో, పొద్దుటి చొక్కాతోనే, స్టూలు మీద ఉన్నాడు.

"రా, కట్టేస్తాను. ఇదే ఆఖరుది."

"ఇక్కడ టై అక్కర్లేదు."

"నెవ్, ఇంటికెళ్ళగానే మంగళవారం ఇద్దరం వెళ్దాం. నేనూ వస్తాను. జరిగింది చెబుదాం."

నెవిల్ అప్పటికి తల తిప్పాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి కానీ మాట తడబడలేదు. "నేనెందుకు చెప్పడం? అది కూడా నువ్వే చెప్పు. నాకంటే ముందు చెప్పడం నీకు అలవాటే కదా."

ఆమె టైని నాలుగు మడతలు పెట్టి చేతిసంచిలో వేసుకుంది. కింద భోజనాల గది గుమ్మంలో ఆగి, శాలువా సర్దుకుని, నవ్వు మొహం పెట్టుకుని లోపలికి నడిచింది. బల్ల మీద వైన్ సీసా లేదు. రోడ్నీ, కోరల్ ఇద్దరి ముందూ అల్లంసోడా గ్లాసులున్నాయి. నాలుగో కుర్చీ ముందు కూడా ఒకటి పోసి ఉంచారు.

రోడ్నీ లేచి ఆమెకి కుర్చీ లాగాడు. "నెవిల్ రాడా?" అన్నాడు, మెల్లిగా.

పక్క బల్ల మీద పచ్చల నెక్లెసావిడ ఇటే చూస్తోంది. గ్లెండా రుమాలు విప్పి ఒళ్ళో పరుచుకుంది.

"ఒంట్లో బాలేదు," అంది. "మళ్ళీ ఆ పన్నే. యాంటిబయోటిక్స్ వాడుతున్నాడు."

ఈసారి ఎన్నాళ్ళ కోర్సని ఎవరూ అడగలేదు.